మలేరియా టీకాను కంప్యూటర్ తయారు చేస్తుందా? గుణుపురం అమ్మాయి ప్రశ్నకు నా జవాబు

ఒడిశాలో గుణుపురం దగ్గర పల్లె నుంచి వచ్చి పర్లాకిమిడిలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్న ఒక అమ్మాయి ఇలా అడిగింది: "మా చెల్లికి ఏడాదిలో రెండుసార్లు మలేరియా వచ్చింది. కంప్యూటర్ మోడలింగ్‌తో టీకాలు చేస్తున్నారని చదివాను. నిజంగా కంప్యూటర్ టీకా తయారు చేస్తుందా? చేస్తే మలేరియాకు ఇంకా గట్టి టీకా ఎందుకు రాలేదు? నా దగ్గర మామూలు ల్యాప్‌టాప్ ఉంది. ఇక్కడి నుంచే నేను ఏమైనా చేయగలనా?"

అమ్మా, మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నా చిన్నతనంలో చలిజ్వరం రాని వానాకాలం ఒక్కటి కూడా గుర్తు లేదు. అమ్మ ఒక చేత్తో క్లోరోక్విన్ మాత్ర, ఇంకో చేత్తో బెల్లం ముక్క పట్టుకుని నిలబడేది. పదహారేళ్లుగా హైదరాబాద్‌లో టీకాల పరిశోధనలో కంప్యూటర్ వైపు పనిచేస్తున్నాను. నువ్వు మా మేనకోడలి వయసు దానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

కంప్యూటర్ టీకాను తయారు చేయదు. ల్యాబ్‌లో వేల రకాలు ప్రయత్నించాల్సిన చోట, ఈ వంద చూడండి చాలు అని చెబుతుంది. ఆ వందలో కూడా చాలావరకు పనికిరావు. అయినా వేలు వంద కావడం ఎంత పెద్ద విషయమో, ఒక్కొక్క ప్రోటీన్‌ను కణాల్లో పెంచి, శుద్ధి చేసి, ఎలుకలకు ఇచ్చి చూసినవాళ్లకు తెలుస్తుంది. ఒక్కో రకానికి నెలలు పడుతుంది.

దీన్ని ఆర్‌ఎస్‌వీ కథతో చెబితే బాగా అర్థమవుతుంది. ఇది పసిపిల్లల ఊపిరితిత్తులను పట్టే వైరస్. 1960ల్లో అమెరికాలో ఈ వైరస్‌ను ఫార్మాలిన్‌తో చంపి టీకాగా ఇచ్చారు. ఆ తర్వాత అసలు వైరస్ సోకినప్పుడు, టీకా వేసుకున్న పసివాళ్లలో నూటికి 80 మంది ఆసుపత్రి పాలయ్యారు, ఇద్దరు చనిపోయారు. రక్షించాల్సిన టీకా జబ్బును ముదరబెట్టింది. ఆ దెబ్బతో కొన్ని దశాబ్దాల పాటు ఈ టీకా దారి మూసుకుపోయింది.

కారణాల్లో ఒక ముఖ్యమైనది చాలా ఏళ్లకు తెలిసింది. ఆ వైరస్ పైన ఎఫ్ అనే ప్రోటీన్ ఉంటుంది. కణంలోకి దూరే ముందు అది స్ప్రింగ్ లాగిపెట్టిన ఎలుకల బోనులా బిగిసి ఉంటుంది. దూరేటప్పుడు టప్పున విడిపోయి పొడుగ్గా మారిపోతుంది. వైరస్‌ను గట్టిగా ఆపే యాంటీబాడీలు ఎక్కువగా పట్టుకునేది ఆ బిగిసి ఉన్న రూపాన్ని. కానీ ఆ రూపం నిలవదు, ముట్టుకుంటే విడిపోతుంది. ఫార్మాలిన్ టీకాలో ఉన్నది ఎక్కువగా విడిపోయిన రూపమే. అంటే పడిపోయిన బోనును చూపించి, బిగించిన బోనును గుర్తుపట్టమని శరీరానికి నేర్పారు.

2013లో అమెరికా శాస్త్రవేత్తలు జేసన్ మెక్‌లెలన్, బార్నీ గ్రహమ్, పీటర్ క్వాంగ్‌ల బృందం ఆ బిగిసిన రూపాన్ని అణువుల స్థాయిలో చూసింది. మన పని మొదలయ్యేది ఇక్కడే. బోను పడకుండా మేకు ఎక్కడ కొట్టాలి? ఆ నిర్మాణాన్ని తెర మీద తిప్పి తిప్పి చూసి, 155వ, 290వ స్థానాల్లోని అమైనో ఆమ్లాలను (ప్రోటీన్ గొలుసులోని పూసలు అనుకో) మార్చి రెండింటి మధ్య గంధకపు బంధం వేశారు. లోపల బోలుగా ఉన్న చోట 190వ, 207వ స్థానాల్లో కాస్త పెద్ద అమైనో ఆమ్లాలు పెట్టి ఖాళీ నింపారు. ప్రోటీన్ బిగిసిన రూపంలోనే నిలిచింది. ఆ దారిలో వచ్చిన టీకాలకు 2023లో అమెరికాలో అనుమతి దొరికింది. 1960ల నుంచి 2023 దాకా ఎంతమంది పసివాళ్లు ఆ జబ్బు పడ్డారో తలుచుకుంటే, ఆ నాలుగు స్థానాల విలువ నాకు మాటల్లో చెప్పడం కష్టం.

కరోనా టీకా అంత తొందరగా రావడానికి వెనక ఉన్నదీ ఇదే పని. కరోనా వైరస్ పైన ముళ్లలా ఉండే స్పైక్ ప్రోటీన్ కూడా ఇలాంటి బోనే. దానికి చుట్టమైన మెర్స్ వైరస్ మీద పనిచేసినప్పుడే, ఒక మలుపు దగ్గర రెండు ప్రోలీన్లు పెడితే అది విడిపోదని తెలుసుకున్నారు. ప్రోలీన్ వంగడానికి ఇష్టపడని అమైనో ఆమ్లం. 2020 జనవరిలో కొత్త వైరస్ జన్యుక్రమం బయటికి రాగానే 986, 987 స్థానాల్లో అదే మార్పు పెట్టేశారు. తర్వాత మెక్‌లెలన్ బృందమే దీన్ని ఇంకా గట్టిపరచాలని 100 డిజైన్లు వేసి ల్యాబ్‌లో పరీక్షించింది. వాటిలో మేలు చేసినవి 26 మార్పులు. చివరికి పాత రెండు ప్రోలీన్లకు ఇంకో నాలుగు చేర్చి హెక్సాప్రో అనే రూపం చేశారు. అది దాదాపు పది రెట్లు ఎక్కువగా తయారవుతుంది. ఈ లెక్క గుర్తుపెట్టుకో. ఈ పనిలో లోకంలోనే ముందున్నవాళ్లు, నిర్మాణాన్ని కళ్లెదుట పెట్టుకుని వేసిన అంచనాల్లో కూడా నూటికి డెబ్బైకి పైగా ఫలించలేదు.

ప్రకృతిలో లేని ప్రోటీన్‌ను మొదటి నుంచీ కంప్యూటర్‌లో గీసి టీకాకు వాడినవాళ్లూ ఉన్నారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ బేకర్, నీల్ కింగ్ వాళ్ల సంస్థ బంతి లాంటి ఒక నానోపార్టికల్‌ను (అతి చిన్న రేణువును) డిజైన్ చేసి, దాని మీద కరోనా స్పైక్ ముక్కలు 60 అతికించింది. దక్షిణ కొరియా 2022లో దానికి అనుమతి ఇచ్చింది. ప్రోటీన్ డిజైన్‌కు బేకర్, ప్రోటీన్ ఆకారాన్ని ఊహించే ఆల్ఫాఫోల్డ్ ప్రోగ్రాంకు డెమిస్ హసాబిస్, జాన్ జంపర్ 2024లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల్లో, అంటే ఏ ప్రోటీన్ చేయాలో కణానికి రాసి పంపే టీకాల్లో, ఇంకో రకం పని ఉంది. ఒకే స్పైక్ ప్రోటీన్‌ను ఎన్ని రకాల ఎంఆర్‌ఎన్‌ఏ అక్షరాలతో రాయొచ్చో లెక్క వేస్తే, 2 పక్కన 632 అంకెలు వచ్చేంత సంఖ్య తేలుతుంది. అందులో గట్టిగా నిలిచేదాన్ని వెతకడానికి, వాక్యాల వ్యాకరణాన్ని విడదీసే లెక్కల పద్ధతిని తెచ్చి 11 నిమిషాల్లో తేల్చారు. భాషాశాస్త్రం వాళ్ల పద్ధతి టీకాకు పనికొచ్చింది చూడు. నాకు ఈ రంగంలో ఎంతో నచ్చేది ఇలాంటివే.

ఇక మన మలేరియా. పైన చెప్పినవన్నీ వైరస్‌లు. వాటికి పట్టుకోవడానికి ఒకటో రెండో ప్రోటీన్లు ఎదురుగా ఉంటాయి. మలేరియా పరాన్నజీవి ఫాల్సిపారంకు దాదాపు 5,300 జన్యువులు. దోమ నుంచి వచ్చేటప్పుడు ఒక వేషం, కాలేయంలో ఒక వేషం, ఎర్ర రక్తకణాల్లో ఇంకోటి, మళ్లీ దోమలోకి పోయేటప్పుడు మరోటి. ప్రతి వేషంలో పై ప్రోటీన్లు మారిపోతాయి. ఒక రూపానికి శరీరం యాంటీబాడీలు సిద్ధం చేసేలోపు అది ఆ చొక్కా విప్పేసి ఉంటుంది.

ఇప్పుడున్న రెండు టీకాలు, ఆర్‌టీఎస్‌ఎస్, ఆర్21, మొదటి వేషాన్నే పట్టుకుంటాయి. దోమ కుట్టినప్పుడు చర్మంలోకి పడే పరాన్నజీవి రూపాన్ని స్పోరోజాయిట్ అంటారు, దాని పైన సీఎస్‌పీ అనే ప్రోటీన్ ఉంటుంది. దాని నడుమ భాగంలో నాలుగు అమైనో ఆమ్లాల వరుస ఒకటి, బంతిపూల దండలో పూలలా, దాదాపు నలభై సార్లు వస్తుంది. టీకాలో ఆ దండలో కొంత భాగాన్ని, సీఎస్‌పీ చివరి ముక్కను కలిపి హెపటైటిస్ బీ పై ప్రోటీన్‌కు అతికించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆర్‌టీఎస్‌ఎస్‌ను 2021లో, ఆర్21ను 2023లో సిఫార్సు చేసింది. ఆర్21 తయారయ్యేది పుణెలో. ఆఫ్రికాలో 4,800 మంది పిల్లల మీద చేసిన పరీక్షలో, వానాకాలం ముందు వేసిన చోట్ల ఏడాదిలో మలేరియాను 75 శాతం తగ్గించింది. చిన్న సంగతి కాదు. కానీ కాలం గడిచే కొద్దీ రక్షణ తగ్గుతుంది, బూస్టర్ కావాలి. ఎందుకంటే దోమ వదిలేవి పదుల సంఖ్యలో స్పోరోజాయిట్లే అయినా, ఒక్కటి తప్పించుకుని కాలేయం చేరినా చాలు. కొన్ని రోజుల్లో వేల కొద్దీ పిల్లలతో రక్తంలోకి వస్తుంది. వాటన్నిటినీ ఆపాలంటే రక్తంలో యాంటీబాడీలు ఎప్పుడూ చాలా ఎక్కువ ఉండాలి.

కంప్యూటర్ ఇక్కడ చేస్తున్న పని ఏమిటంటే, ఆ దండలో ఎక్కడ పట్టుకుంటే గట్టి పట్టు దొరుకుతుందో చూడటం. 2018లో కనిపెట్టిన సీఐఎస్43 అనే యాంటీబాడీ, దండ మొదలయ్యే ముడి దగ్గర పట్టుకుంటుంది. ఆ ముడి ఆర్‌టీఎస్‌ఎస్, ఆర్21 రెండింటిలోనూ లేదు. కాబట్టి ఆ ముడిని ఏ ఆకారంలో, ఏ నానోపార్టికల్ మీద ఎంత దగ్గరగా పేర్చితే అలాంటి యాంటీబాడీలు పుడతాయో ఇప్పుడు చాలామంది డిజైన్ చేస్తున్నారు. ఒక చిక్కు కూడా ఉంది. దండ భాగానికి స్థిరమైన ఆకారం లేదు, తాడులా ఊగుతూనే ఉంటుంది. ఆల్ఫాఫోల్డ్ లాంటిది ఒకే బొమ్మ గీసి ఇస్తే దాన్ని నమ్మకూడదు. ఆ ఊగడాన్ని చూడాలంటే అణువుల కదలికను అంచెలంచెలుగా లెక్కించాలి. సెకనులో పది లక్షలవ వంతు సేపటి కదలిక కోసం కంప్యూటర్ 50 కోట్ల అడుగులు వేయాలి.

నీ రెండో ప్రశ్నకు జవాబులో మనకు బాగా దగ్గరైన ముక్క ఇప్పుడు చెబుతాను. ఆర్‌టీఎస్‌ఎస్‌లో వాడిన సీఎస్‌పీ 3డీ7 అనే ఒక్క ప్రయోగశాల రకానిది. 2015లో ఆఫ్రికా పిల్లల రక్తంలోని పరాన్నజీవుల జన్యువులు చదివి చూశారు. సీఎస్‌పీ చివరి ముక్క టీకాలోని రకంతో సరిపోలినప్పుడు, చిన్నపిల్లల్లో మొదటి ఏడాది రక్షణ 50 శాతం. సరిపోలనప్పుడు 33 శాతం. టీకా అదే, తేడా అంతా పిల్లల రక్తంలో ఉన్న పరాన్నజీవిది. మరి మన కోరాపుట్, రాయగడ, మల్కాన్‌గిరి కొండల్లో తిరుగుతున్న ఫాల్సిపారం చివరి ముక్క ఎలా ఉంది? ఏ మోడల్ అయినా తనకు ఇచ్చిన జన్యుక్రమాల మీదే ఆలోచిస్తుంది. మన గెడ్డల పక్క దోమలు మోసే పరాన్నజీవి ఆ పట్టికలో లేకపోతే, మోడల్ దృష్టిలో అది లోకంలో లేనట్టే.

మనుషుల వైపు కూడా ఇదే సంగతి. పరాన్నజీవి ముక్కలను మన కణాలు హెచ్‌ఎల్‌ఏ అనే ప్రోటీన్ల మీద పెట్టి, రోగంతో పోరాడే టీ కణాలకు చూపిస్తాయి. దాన్ని ఇడ్లీ రేకులా ఊహించుకో. ఒక్కొక్కరి రేకులో గుంతల ఆకారం వేరు. ఏ ముక్క ఎవరి గుంతలో కూర్చుంటుందో చెప్పే ప్రోగ్రాములు ఉన్నాయి. తొమ్మిది అమైనో ఆమ్లాల ముక్కలు లెక్కకు 51,200 కోట్ల రకాలు సాధ్యం కాబట్టి చేత్తో చూడటం కుదరదు, ఈ ప్రోగ్రాములు తప్పనిసరి. కానీ అవి నేర్చుకున్నది ఎక్కువగా యూరప్, అమెరికా వాళ్లలో తరచుగా కనిపించే రకాల నుంచి. సవర, కోండు, పరజ గిరిజన కుటుంబాల్లో ఏ రకాలు ఎక్కువో బాగా తెలియకుండా "ఈ టీకా జనాభాలో 95 శాతానికి పనిచేస్తుంది" అని తెర మీద వచ్చిన అంకెను నేను ఒప్పుకోను.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి, ఎందుకంటే నువ్వు ముందుగా పడబోయే గుంట అదే. ఉద్యోగం మొదట్లో నేను వేర్వేరు ప్రోటీన్ల నుంచి మంచి స్కోర్లు వచ్చిన ముక్కలు ఏరి, మధ్యలో చిన్న అతుకులు పెట్టి ఒక పొడుగాటి ప్రోటీన్ డిజైన్ చేశాను. తెర మీద అన్నీ పచ్చగా ఉన్నాయి. అలర్జీ రాదు అంది ఒక ప్రోగ్రాం, నీళ్లలో కరుగుతుంది అంది ఇంకొకటి. ఏడు నెలలు పట్టింది. ల్యాబ్‌లో సహోద్యోగి దాన్ని ఈ.కోలై బ్యాక్టీరియాలో పెంచితే మొత్తం ముద్దలు కట్టింది. ముద్దలను విప్పి తిరిగి మడతపెట్టి ఎలుకలకు ఇచ్చినా, వచ్చిన యాంటీబాడీలు అసలు పరాన్నజీవిని గుర్తుపట్టలేదు. విడివిడి ముక్కలకు స్కోర్లు బాగున్నాయి గానీ, కలిపినప్పుడు వాటి సహజమైన ఆకారం పోయింది. ఆవిడ నా మీద కోప్పడలేదు. "వచ్చేసారి ఐదు డిజైన్లు ఇవ్వు, ఒకదానికొకటి పోలిక లేకుండా ఇవ్వు" అంది. ఆ మాట ఈరోజుకీ పాటిస్తాను.

ఇదెందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు మన దేశంలో చాలా కాలేజీల్లో ఇలాంటి అతుకుల టీకా పేపర్లు వందల కొద్దీ వస్తున్నాయి. నాలుగు వెబ్‌సైట్లలో ముక్కలు పెట్టడం, స్కోర్లు తీసుకోవడం, మన కణాల మీది ఒక గ్రాహకంతో (రిసెప్టర్) అతికించి బొమ్మ తీయడం, పేపర్ పంపడం. ఒక్కటి కూడా టెస్ట్‌ట్యూబు చూడదు. నేర్చుకోవడానికి ఒకసారి చెయ్యి, తప్పులేదు. దాన్నే టీకా రూపకల్పన అనుకుంటే మాత్రం నీ తెలివి వృథా అవుతుందని నా గట్టి అభిప్రాయం.

నిజంగా ల్యాబ్‌లో పెరిగినదాన్ని చూడాలంటే దూరం పోనక్కర్లేదు. భువనేశ్వర్‌లోని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధనా మండలి) ప్రాంతీయ వైద్య పరిశోధనా కేంద్రం అడ్‌ఫాల్సివ్యాక్స్ అనే మలేరియా టీకా మీద పనిచేస్తోంది. అందులో సీఎస్‌పీ మొత్తం ఉంటుంది, దానితోపాటు పరాన్నజీవి దోమలోకి వెళ్లేటప్పుడు వాడే రెండు ప్రోటీన్ల ముక్కలూ ఉంటాయి. అంటే టీకా వేసుకున్నవాళ్లకు రక్షణ ఒకటి, వాళ్లను కుట్టిన దోమ నుంచి ఊళ్లోవాళ్లకు పాకకుండా ఆపడం ఇంకొకటి. పెరుగులో ఉండే బ్యాక్టీరియాకు దగ్గరిదైన లాక్టోకాకస్‌లో దీన్ని పెంచుతారు. 2025లో దీన్ని తయారు చేసే కంపెనీల కోసం ఐసీఎంఆర్ ప్రకటన ఇచ్చింది. ఇంకా మనుషుల మీద పరీక్షలు దాటాలి. అయినా మన రాష్ట్రంలోనే ఈ పని జరుగుతోందని నీకు తెలియాలి.

టీకా గురించి మాట్లాడేటప్పుడు ఇంకో సంగతి మర్చిపోకూడదు. 2016లో మల్కాన్‌గిరిలో వందమందికి పైగా పిల్లలు మెదడు జబ్బుతో చనిపోయారు. మొదట అంతా జపనీస్ ఎన్‌సెఫలైటిసే అనుకున్నారు. కొందరిలో నిజంగా ఆ వైరస్ ఉంది. మిగతావాళ్లలో చాలామందికి కారణం కసింద గింజల విషమని నిపుణులు తర్వాత చెప్పారు. అక్కడి పిల్లలు ఆకలికి ఆ కాయలు తింటారు. విషానికి టీకా ఉండదు. ఏ జబ్బు, ఎవరికి, ఎప్పుడు అన్నది ఊళ్లో కూర్చుని సరిగా రాసుకోకపోతే, ఆ తర్వాత చేసే లెక్కలన్నీ తప్పు దారి పడతాయి. అలాగే మన రాష్ట్రంలో 2016లో 4 లక్షల 40 వేలకు పైగా ఉన్న మలేరియా కేసులు 2018కి దాదాపు 66 వేలకు దిగాయి. అది ఏ టీకాతోనూ కాదు. దమన్ అనే ప్రభుత్వ మలేరియా శిబిరాల్లో ఇంటింటికీ రక్తం పరీక్ష చేసి మందు ఇచ్చినవాళ్లు, దోమతెరలు మోసుకుని కొండలెక్కిన ఆశా అక్కలు చేసిన పని. టీకా వచ్చినా వాళ్ల పని ఆగకూడదు.

ఇక నీ ల్యాప్‌టాప్. చాలు, నిజంగా చాలు. ముందు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకో, రోజుకు గంట చొప్పున మూడు నెలలు. తర్వాత ఒకే ఒక్క పని పెట్టుకో. మలేరియాజెన్ అనే అంతర్జాతీయ బృందం 20 వేలకు పైగా ఫాల్సిపారం నమూనాల జన్యుక్రమాలను ఉచితంగా ఉంచింది. అందులోంచి సీఎస్‌పీ చివరి భాగం తీసి 3డీ7తో పక్కపక్కన పేర్చు. ఆ భాగంలో టీహెచ్2ఆర్, టీహెచ్3ఆర్ అనే రెండు చోట్ల మార్పులు ఎక్కువగా ఉంటాయి. మన దేశపు నమూనాలు ఎన్ని ఉన్నాయి, ఆఫ్రికావాటికీ వాటికీ తేడా ఏమిటి, ఒక పట్టిక వెయ్యి. తర్వాత ఆ తేడాలు ప్రోటీన్ మీద ఎక్కడ పడుతున్నాయో ప్రోటీన్ బొమ్మలు చూపే కైమెరాఎక్స్ ప్రోగ్రాంలో రంగు వేసి చూడు. ఇది ఉచితం. ఆకారం ఊహించడానికి కొలాబ్‌ఫోల్డ్ ఉంది. లెక్క గూగుల్ కంప్యూటర్ల మీద జరుగుతుంది, నీ ల్యాప్‌టాప్ వేడెక్కదు. నీలం రంగు వచ్చిన చోట బొమ్మను నమ్మొచ్చు, నారింజ, ఎరుపు వచ్చిన చోట నమ్మకు. ఈ ఒక్క పని శ్రద్ధగా చేస్తే, పది అతుకుల పేపర్ల కంటే ఎక్కువ నేర్చుకుంటావు. భువనేశ్వర్‌లోనో హైదరాబాద్ సీసీఎంబీలోనో ఎవరికైనా ధైర్యంగా చూపించగలవు.

నీ దగ్గర మాకు లేనిది ఒకటుంది. సంతలో సవర భాషలో మాట్లాడి, ఎందుకు రక్తం తీస్తున్నారో, ఆ జన్యుక్రమంతో ఏం చేస్తారో ఒక తల్లికి అర్థమయ్యేలా చెప్పగలవు. కోరాపుట్‌లో ఐసీఎంఆర్ వాళ్ల క్షేత్ర కేంద్రం ఎన్నో ఏళ్లుగా ఉంది. అలాంటి చోట ప్రాజెక్టులో చేరితే నమూనాల సేకరణ, అనుమతి పత్రాలు, చలిపెట్టె రవాణా అన్నీ చూస్తావు. ఎవరి రక్తమూ వాళ్ల ఒప్పుకోలు లేకుండా, నైతిక కమిటీ అనుమతి లేకుండా తీయకూడదు. చదువు పేరు మీద ఊళ్లో సొంతంగా మాత్రం మొదలుపెట్టకు.

చివరిగా మీ చెల్లి గురించి. రెండోసారి జ్వరం వచ్చినప్పుడు కార్డు మీద పీఎఫ్ అని రాశారా, పీవీ అని రాశారా చూడు. పీఎఫ్ అంటే ఫాల్సిపారం. పీవీ అంటే వైవాక్స్, మలేరియాలో ఇంకో రకం. అది కాలేయంలో నిద్రపోయి, దోమ కుట్టకపోయినా నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. నేను పైన చెప్పిన టీకాలేవీ దాని మీద పనిచేయవు. నిద్రపోయినదాన్ని చంపడానికి ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి. మూడో రోజుకే జ్వరం తగ్గిపోతుంది కాబట్టి చాలా ఇళ్లలో మిగతా మాత్రలు అటక మీదే ఉండిపోతాయి. చెల్లి 14 రోజులూ మింగిందో లేదో అడుగు. మింగకపోతే మిగిలిన మాత్రలు మీరే వేయకుండా కార్డు తీసుకుని పీహెచ్‌సీకి వెళ్లండి. కొందరి రక్తానికి ఆ మందు పడదు, డాక్టరు చూసి ఇస్తారు.